ఒకే కాపీ, తొమ్మిది మంది

మొన్న శనివారం కూడా పేజీన్నర దగ్గరే ఆగిపోయాం. గంటన్నర కూర్చుంటే పేజీన్నర. ఈ మధ్య వాట్సాప్‌లో రాయగడ నుంచి ఇద్దరు అడిగారు, మీ పర్లాకిమిడిలో లైబ్రరీలో పుస్తకం చదివి మాట్లాడుకుంటున్నారట కదా, ఎలా నడుపుతున్నారు, మేం కూడా మొదలెడదాం అనుకుంటున్నాం అని. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ముందు మేం ఎలా చెడగొట్టుకున్నామో చెప్తాను, అదే ఎక్కువ పనికొస్తుంది.

పర్లాకిమిడి అంటే ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు మీదున్న ఊరు. నాది ఇక్కడ మెడికల్ షాపు. పుస్తకాల పిచ్చి మా నాన్న నుంచి వచ్చింది కానీ ఈ గ్రూపు ఆలోచన మాత్రం మా చెల్లెలి వల్ల. దాని కాన్పుకి అమ్మని తీసుకుని న్యూజెర్సీ వెళ్లినప్పుడు, రోజంతా ఇంట్లో కూర్చోలేక పక్కనే ఉన్న పబ్లిక్ లైబ్రరీకి పోయేవాణ్ణి. అక్కడ నెలకోసారి ఒక గదిలో పదిహేను మంది కూర్చుని ఒకే పుస్తకం గురించి మాట్లాడుకుంటున్నారు, ఎక్కువమంది రిటైర్ అయిన ఆడవాళ్లు, పక్కన కాఫీ ఫ్లాస్కు. నన్ను ఆశ్చర్యపరిచింది మాటలు కాదు, సంచి. అక్కడ లైబ్రరీ వాళ్లే ఒక గుడ్డసంచిలో అదే పుస్తకం పది కాపీల దాకా పెట్టి, వెనకాల ప్రశ్నల కాగితం ఒకటి పెట్టి, గ్రూపు మొత్తానికి కలిపి ఒకే కార్డు మీద ఇచ్చేస్తారు. వారాల తరబడి ఉంచుకోవచ్చు. నాకు అది చూస్తే పెళ్లిళ్లకి వంటపాత్రలు అద్దెకి ఇచ్చే షామియానా వాళ్లు గుర్తొచ్చారు, గుండిగలు, గరిటెలు, బకెట్లు అన్నీ ఒకేచోట లెక్కపెట్టి ఇచ్చినట్టు.

వాళ్లకి ఈ అలవాటు ఇవాళ్టిది కాదు. చికాగోలో 1947లో గ్రేట్ బుక్స్ ఫౌండేషన్ అని పెట్టి ఊరూరా లైబ్రరీల్లో మామూలు జనం చేత పెద్ద పెద్ద పుస్తకాలు చదివించి మాట్లాడించారు. 1998లో సియాటిల్‌లో నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ ఊరంతా ఒకే పుస్తకం చదివితే ఎలా ఉంటుంది అని మొదలెడితే అది చాలా ఊళ్లకి పాకింది. ఊరంతా ఒకే పుస్తకం అన్నమాట. మా ఊళ్లో కూడా అంతే, కాకపోతే మాకు ఊరంతటికీ నిజంగానే ఒకే పుస్తకం.

ఎందుకంటే మా లైబ్రరీలో తెలుగు పుస్తకాలు రెండు అరలు. ఒడిశా లైబ్రరీ కాబట్టి ఒడియా పుస్తకాలు కొంటారు, అందులో తప్పేం లేదు, నేను ఒడియా కూడా చదువుతాను. తెలుగువి ఎప్పుడో ఎవరో ఇచ్చినవి, అట్టలు ఊడిపోయినవి, మూడో భాగం ఉంటే మొదటి భాగం ఉండదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడ్డప్పుడు మా ఊరు ఇటొచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఆటో ఎక్కితే అక్కడ దిగుతాం, కూరగాయలకి వాళ్లు ఇటొస్తారు, పెళ్లిళ్లకి మేం అటెళ్తాం, కానీ లైబ్రరీ కార్డుకి మాత్రం అది వేరే రాష్ట్రం. ఆంధ్రాలో 1960 గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. మా పాతపట్నం బావ దాన్ని పట్టుకుని “నాను కడతన్నాను కదా, నా పుస్తకం నాకివ్వాల” అని దెబ్బలాడతాడు, జన్మలో ఒక్క పుస్తకం చదివినవాడు కాదు. మాకు పుస్తకం ఆయన కార్డు మీదే వస్తుంది. ఇది తప్పా ఒప్పా అని అడగొద్దు.

సరే, న్యూజెర్సీ నుంచి వచ్చాక ఆ సంచి ఇక్కడ తయారుచేద్దామని నేను పడ్డ పాట్లు. కాపీలు లేవు కాబట్టి కథ ఒకటి జిరాక్స్ తీద్దామనుకున్నాను. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లు దాటితే కాపీరైట్ ఉండదు. గురజాడ 1915లో పోయారు, కాబట్టి ఆయన కథ ఎన్ని కాపీలు తీసినా అడిగేవాడు లేడు. దిద్దుబాటు తీసుకున్నాను. 1910లో వచ్చిన కథ, నాలుగైదు పేజీలు, అందరూ పేరు విన్నదే. పది కాపీలు తీసి, పది ప్రశ్నలు టైపు కొట్టించి, స్టేపుల్ చేసి షాపు కౌంటర్ మీద బీపీ మాత్రల పక్కన పెట్టాను, వచ్చినవాళ్లకి ఇచ్చాను, శనివారం సాయంత్రం 5కి లైబ్రరీకి రండి అన్నాను.

లైబ్రరీలో ముందు గది దగ్గరే పేచీ. మీటింగ్ అంటే పర్మిషన్ కావాలి, ఏ సంఘం, ఏ పార్టీ, లెటర్‌హెడ్ ఉందా అని. మూడుసార్లు తిరిగాక అర్థమైంది, మీటింగ్ అనే మాట అనకూడదు. “మేం చదువుకోడానికి వస్తున్నాం” అంటే ఎవరూ ఏమీ అనలేదు, లైబ్రరీకి జనం అందుకే కదా వచ్చేది. తీరా కూర్చున్నాక గోడ మీద ఒడియాలో ‘నీరబ రుహంతు’, నిశ్శబ్దంగా ఉండండి అని. దాని కింద మేం. చుట్టూ బ్యాంకు పరీక్షలకి, రైల్వే పరీక్షలకి చదివే పిల్లలు, రీజనింగ్ పుస్తకాలు, వాటర్ బాటిళ్లు, వాళ్లకి ఇంట్లో చోటు లేకే కదా ఇక్కడికొచ్చేది. రెండోవారమే ఒక అబ్బాయి వెళ్లి కంప్లైంట్ చేశాడు. చాలా న్యాయమైన కంప్లైంట్. అప్పటి నుంచి మేం వరండాలో, సైకిళ్ల పక్కన. ఎండాకాలం అక్కడే బాగుంటుంది కూడా.

మొదటి శనివారం తొమ్మిది మంది వచ్చారు. మా వీధి పెద్దమ్మ ఒకావిడ, డెబ్భై ఎనిమిదేళ్లు, చిన్నప్పుడు తెలుగు బళ్లో నాలుగు దాకా చదివింది. నౌపడా-గుణుపూర్ లైన్లో నేరోగేజి రోజుల్నుంచి పనిచేసి రిటైర్ అయిన రైల్వే ఆయన ఒకరు. ఒక రిటైర్డ్ మాస్టారు. టైలర్ ఒకాయన. ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. పెద్దమ్మగారి పక్కింటి ఒడియా కోడలు. మా షాపులో పనిచేసే కుర్రాడు, వాడు నేను రమ్మంటే వచ్చాడు. నేను.

నేను “అందరూ చదివొచ్చారా” అన్నాను. మాస్టారు తప్ప అందరూ నేల చూపులు చూశారు. ఒకటో ప్రశ్న చదివాను. ఎవరూ పలకలేదు. రెండోది చదివాను. మాస్టారు అందుకున్నారు, ఇంక ఆపలేదు, ఆధునిక కథాసాహిత్యం, ఇదే మొదటి కథ, కాదు అంతకుముందే 1902లో భండారు అచ్చమాంబగారు రాశారు, ఇరవై నిమిషాలు. ఆయన చెప్పినవన్నీ నిజాలే. కానీ పెళ్లిలో మైకు దొరికిన పెద్దమనిషిలా ఉంది పరిస్థితి.

అప్పుడు ఒక కాలేజీ అమ్మాయి మెల్లగా చెప్పింది, అంకుల్ నాకు తెలుగు చదవడం రాదు, మాట్లాడ్డమే. రెండో అమ్మాయికీ రాదు. మా కుర్రాడికీ రాదు. ఒడియా కోడలికి ఎలాగూ రాదు, మాట్లాడితే బాగా అర్థమవుతుంది. పెద్దమ్మకి వచ్చు కానీ కళ్లు కనిపించవు. నేను కౌంటర్ మీద నుంచి ఇచ్చిన పది కాపీల్లో ఐదు వట్టి కాగితాలే అన్నమాట, వాళ్లు మొహమాటానికి తీసుకున్నారు. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ, ఒడియా మీడియంలో చదివిన పిల్లలకి తెలుగు లిపి రాదని తెలిసి కూడా నాకు తోచలేదు, అమెరికా సంచి కళ్లకి అడ్డంపడింది.

ఆ గ్రేట్ బుక్స్ వాళ్లకి ఒక రూల్ ఉంది, పుస్తకం చదవనివాళ్లు చర్చలో మాట్లాడకూడదు. వాళ్ల చోట అది మంచి రూలే, చదవకుండా వచ్చి నాకు తెలుసు అనేవాళ్లని ఆపుతుంది. ఇక్కడ పెడితే సగం మందిని ఇంటికి పంపాలి, ఆ మిగిలినవాళ్లలో మాస్టారు ఒక్కరే మాట్లాడతారు.

పెద్దమ్మే తేల్చేసింది. “ఒరే, నువ్వు సదువు, నాను ఇంతాను.” అంతే. చదవడం మొదలెట్టాను.

రెండు పేరాలు కాకుండానే “ఆగు” అంది. ఎందుకు పెద్దమ్మా అంటే, దిద్దుబాటు అంటే అక్షరాలు దిద్దడమా అని అడిగింది. టైలర్ నవ్వి, నేను కుట్టింది బిగువైతే సరిచేసి ఇస్తాను కదా అది అన్నాడు. కాలేజీ అమ్మాయి చెవి పట్టుకుని, నేను దిద్దులు అనుకున్నా, చెవి దిద్దులు పోయిన కథేమో అనుకున్నా అంది. అందరూ నవ్వారు, మాస్టారు కూడా. పదినిమిషాలు పోయాయి కానీ అప్పుడు మొదటిసారి తొమ్మిది మందీ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

ఇప్పుడు మాకున్న రూల్ అదొక్కటే. ఒకళ్లు పైకి చదువుతారు, ఎవరైనా ఎక్కడైనా ఆగు అనొచ్చు, చదివేవాళ్లు వెంటనే ఆగాలి, ఈ వాక్యం అయ్యాక అనకూడదు. ఆగు అన్నవాళ్లే ముందు మాట్లాడాలి. చదివేవాళ్లు అర్థాలు చెప్పకూడదు. మాస్టారు మాట్లాడుతున్నప్పుడు కూడా ఆగు అనొచ్చు, ఇది ఆయనే ఒప్పుకున్నారు, పాపం మంచివారు. మనకి గుళ్లో పురాణం చెప్పించుకోవడం అలవాటే, కథ వింటూ ఊ కొట్టడం పుట్టుకతో వచ్చిందే, కానీ అక్కడ ఊ కొట్టాలి తప్ప ఉహూ అనకూడదు. మాది ఉహూ అనే పురాణం అనుకోండి.

ఆ కథలో ఏం జరిగిందో చెప్పాలి. కథ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో, మొగుడు అర్ధరాత్రి దాటాక పాట కచేరీ నుంచి ఇంటికొస్తాడు, పెళ్లాం కనిపించదు, వెళ్లిపోయానని ఉత్తరం, కంగారుపడి ఏడుస్తాడు, చివరికి చూస్తే ఆవిడ ఆ గదిలో మంచం కిందే ఉంది. మాస్టారు భార్య తెలివి గురించి మాట్లాడదామని రెడీగా ఉన్నారు. ఒడియా కోడలు నన్నే చూసి, “భాయినా, అంతసేపు మంచం కిందేనా, దోమలు కుట్టలేదా” అంది. సరే. తర్వాత నౌకరు మాట్లాడతాడు. వాడి మాట చదువుతుంటే వరండాలో అందరి మొహాలూ మారిపోయాయి, ఎందుకంటే వాడు మాట్లాడేది అచ్చం మేం ఇంట్లో మాట్లాడే మాటే, బళ్లో తప్పు అని కొట్టించుకున్న మాట. మా షాపు కుర్రాడు మొదటిసారి నోరు విప్పి “ఇలాగ పుస్తకంలో రాస్తారా” అన్నాడు.

ఆ నౌకరు మధ్యలో అయ్యగారి చేతిలో వీపు మీద గుద్దులు తింటాడు. టైలర్ అక్కడ ఆగు అన్నాడు. ఆయనకి ఒకటే అనుమానం, మంచం కింద అమ్మగారు ఉందని వీడికి తెలుసా తెలీదా. తెలిస్తే, దెబ్బలు తిని కూడా నోరు విప్పలేదు, అంటే అమ్మగారికి ఎంత నమ్మకస్తుడు. తెలీకపోతే ఊరికే తిన్నాడు. రైల్వే ఆయన తెలుసనే అన్నారు, ఇంట్లో నౌకరుకి తెలియకుండా ఏదీ దాగదు అని. కాలేజీ అమ్మాయి, తెలిస్తే మాత్రం, దెబ్బ దెబ్బే కదా, మొగుడికి బుద్ధొచ్చింది సరే మరి వీడి వీపు సంగతి ఎవరు దిద్దారు అంది. మాస్టారు, కథ దాని గురించి కాదమ్మా అన్నారు. అమ్మాయి, మరి ఆ గుద్దులు ఎందుకు రాసినట్టు అంది. మాస్టారు ఆలోచించారు. నిజంగా ఆలోచించారు, ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి. నాలుగు పేజీల కథ రెండు శనివారాలు పట్టింది. టైప్ చేయించిన నా పది ప్రశ్నల్లో నౌకరు గురించి ఒక్కటీ లేదు.

ఇక్కడ ఒక ముక్క చెప్పకుండా ఉండలేను. వాడుక భాషలో రాయాలి, పిల్లలకి అదే నేర్పాలి అని జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తిగారు మా ఊళ్లోనే ఉండేవారు. 1880లో టీచరుగా వచ్చారు, ఇక్కడే సవర గిరిజనుల భాష నేర్చుకుని ఆ పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించాలని బళ్లు పెట్టారు, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశారు. గురజాడా ఆయనా విజయనగరంలో ఒకే బళ్లో చదువుకున్న స్నేహితులు. ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు 1936లో రాజమండ్రి వెళ్లిపోయారు, 1940లో పోయారు. ఆగస్టు 29 ఆయన పుట్టినరోజు, ఆంధ్రాలో తెలుగు భాషా దినోత్సవం. మా ఊళ్లో లిపి పోయిన పిల్లలకి కూడా చదివి వినిపిస్తే ప్రతి మాటా అర్థమయిందంటే అందులో ఆయన వాటా ఎంతో కొంత ఉంది. గ్రాంథికం అయితే మా కుర్రాడు రెండో వారం వచ్చేవాడు కాదు.

లిపి సంగతి అన్నాను కదా. ఆ కాలేజీ అమ్మాయిల్లో ఒకామె నేను చదువుతుంటే నోట్‌బుక్‌లో గబగబా రాసుకునేది. ఏంటమ్మా అని చూస్తే తెలుగు కథ మొత్తం ఒడియా అక్షరాల్లో. ఇంట్లో వాళ్ల నాన్నమ్మకి చదివి వినిపించడానికట. మూడో నెలలో నాకు గొంతు పట్టేస్తే ఆ అమ్మాయే ఆ నోట్‌బుక్ తెచ్చి చదివింది, వేరే కథ అది. బాగానే నడుస్తోంది, ఒకచోట “ఆయన మెడ మీదకి ఎక్కి కూర్చున్నాడు” అంది. పెద్దమ్మ ఊరుకుంటుందా, “ఆగు. ఎవడి మెడ మీదకే?” అంది. మేడ అది. ఒడియాలో ఎ, ఏలకి వేరు వేరు అక్షరాలు లేవు, ఒ, ఓలకీ అంతే, ఒకటే ఉంటుంది. మెడా మేడా ఒకేలా రాస్తారు, పెరు పేరు, కొడి కోడి అన్నీ ఒకటే. ఆ రోజంతా మెడ మీద గదులు, మెడ మీద నుంచి దూకడం, నవ్వలేక చచ్చాం. తర్వాతి వారం ఆ అమ్మాయి దానికి మందు కనిపెట్టుకొచ్చింది, దీర్ఘం ఉన్నచోట అక్షరం పైన ఎర్రపెన్నుతో చిన్న చుక్క. నేను చూశాను ఆ పేజీ, నీలం సిరాలో గుండ్రటి ఒడియా అక్షరాలు, మధ్యమధ్యలో మీద ఎర్ర చుక్కలు, దోమలు వాలినట్టు. ఇప్పుడు మా కుర్రాడు కూడా అలాగే రాసుకుంటున్నాడు. తెలుగు లిపి నేర్పుతాను ఆదివారాలు రండి అని మాస్టారు అన్నారు, ఇద్దరు వెళ్తున్నారు, గుణింతాల దగ్గరున్నారు. తొందరేం లేదు.

ఇలా చదవడంలో నష్టం కూడా ఉంది, రాయగడ వాళ్లు గమనించాలి. రెండు వారాలు రానివాళ్లకి దారం తెగిపోతుంది. వాళ్ల కోసం రైల్వే ఆయన మొదట్లో ఐదు నిమిషాలు ‘గత సంచికలో’ చెప్తారు, అందులో ఆయన సొంత కల్పన కొంచెం కలుస్తుంది, అది వేరే విషయం. ఇంకోటి, కథలకి సరిపోయింది కానీ నవలకి సరిపోవట్లేదు. పోయిన నెల అందరూ పట్టుబట్టి నవల పెట్టారు, బావ కార్డు మీద తెచ్చిందే, 280 పేజీలు, ఈమధ్య రచయితదే కాబట్టి జిరాక్స్ తీయకూడదు. ఉన్నది ఆ ఒక్కటే. బావ ఇప్పటికే ఒకసారి వెళ్లి గడువు పెంచుకొచ్చాడు, ఈసారి అడిగితే కౌంటర్ దగ్గర “ఏటండీ చదవడం అవలేదా” అంటే ఏం చెప్పాలో తెలీక “లావుగా ఉంది కదండీ” అన్నాడట. కొత్త కాపీ డబ్బు పోగేసి కొందామని అనుకుంటున్నాం, మనిషికి యాభై వేస్తే అయిపోతుంది, నిజానికి ఈపాటికి కొనేయాల్సింది.

మొన్న నేను లెక్కకట్టి చెప్పాను, వారానికి పేజీన్నర చొప్పున 280 పేజీలు అంటే మూడున్నరేళ్లు పైన పడుతుంది అని. పెద్దమ్మ కళ్లజోడు తుడుచుకుంటూ, “అప్పటిదాకా నాను ఉండాలి కదరా, ఇలగ మాటమాటకీ ఆపకండర్రా, తొందరగా కానీండి” అని అందర్నీ గట్టిగానే కోప్పడింది. సరే అని ఎవరూ నోరెత్తకుండా కూర్చున్నారు, ఎర్ర చుక్కల అమ్మాయి కూడా పెన్ను పక్కన పెట్టేసింది, నేను గొంతు సవరించుకుని చదవడం మొదలెట్టాను. నాలుగో లైన్లో “ఆగు” అంది పెద్దమ్మ.